నర్సు ఏం చదివిందో మనం ఎందుకు అడగం?

మన విశాఖలో కేజీహెచ్‌కైనా, ఆరిలోవ హెల్త్ సిటీలోని కార్పొరేట్ ఆసుపత్రికైనా మనవాళ్లను తీసుకెళ్లేముందు డాక్టర్ ఎవరు, ఏం చదివారు, చెయ్యి మంచిదేనా అని నలుగురినీ వాకబు చేస్తాం. నర్సు చదువు గురించి ఒక్కరం అడగం. డాక్టర్ రౌండ్స్‌కొచ్చి వెళ్లిపోయాక పగలూ రాత్రీ రోగిని కనిపెట్టుకుని ఉండేది ఆమె, ఏదైనా తేడా వస్తే ముందు పసిగట్టాల్సిందీ ఆమే.

స్టాఫ్ నర్సు కావడానికి మన దగ్గర మూడేళ్ల జీఎన్ఎం డిప్లొమా ఉంది, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ఉంది. వార్డులో ఇద్దరిదీ దాదాపు ఒకే పని. మరి డిగ్రీ వల్ల రోగికి ఒరిగేదేంటి?

అమెరికాలోని పెన్సిల్వేనియాలో సర్జరీ రోగులపై నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. డిగ్రీ నర్సుల వాటా 10 శాతం ఎక్కువున్న చోట, 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 5 శాతం తక్కువ. 2014లో 9 యూరప్ దేశాల్లో చూస్తే ఆ తేడా 7 శాతం. డిగ్రీ వల్లే బతికారని దీంతో రుజువైపోదు, మంచి ఆసుపత్రులే డిగ్రీ వాళ్లను ఎక్కువ తీసుకుంటూ ఉండొచ్చు. అయినా ఇన్ని దేశాల్లో ఒకే తీరు కనిపిస్తుంటే కొట్టిపారేయలేం.

ఒక ఉదాహరణ చూడండి. ఆపరేషన్ అయిన రోగికి రాత్రి రెండింటికి బీపీ బాగానే ఉంది, కొద్దిగా జ్వరం, కానీ నిమిషానికి 16 సార్లు తీసుకునే ఊపిరి 26కి చేరింది, మాట కాస్త పొంతన లేకుండా ఉంది. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతోందేమోనని, బీపీ పడిపోకముందే అనుమానించాల్సిన గుర్తులివి. ఛాతీ కదలిక నిమిషంపాటు చూడకుండా చార్టులో అలవాటుగా 20 అని రాసేస్తే విలువైన గంటలు పోయినట్టే. లెక్కపెట్టడం ఎవరికైనా నేర్పొచ్చు. ఆ అంకె చూసి ఎందుకు కంగారుపడాలో తెలియాలన్నా, కసురుతారేమోనని జంకకుండా డ్యూటీ డాక్టర్‌ని లేపి "సార్, మీరిప్పుడే రావాలి" అనాలన్నా లోతైన చదువు కావాలి.

అలాగని జీఎన్ఎం సిస్టర్లను తక్కువ చేస్తే ఒప్పుకోను. కొత్తగా వచ్చిన బీఎస్సీ అమ్మాయికి సెలైన్ పెట్టడానికి నరం దొరక్కపోతే పిలిచేది అనుభవమున్న ఆ సిస్టర్‌నే. చదువులో భాగంగా వార్డుల్లో వేసే పోస్టింగుల్లో రోగిని ముట్టుకోకుండా రికార్డులు నింపి పాసైతే ఆ నాలుగేళ్లూ దండగ. పైగా ఆ 2014 అధ్యయనంలోనే, నర్సుకు ఒక్క రోగి అదనంగా పడితే చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువని తేలింది. ఉత్తరాంధ్ర అంతా, ఒడిశా నుంచీ రోగులొచ్చే ఊరు మనది. ముప్పై మందికి ఇద్దరే సిస్టర్లయితే ఎంత చదివినా ఊపిరి లెక్కపెట్టే ఆ నిమిషం ఎక్కడ దొరుకుతుంది?

జీఎన్ఎం వాళ్లకు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉండనే ఉంది. ఉద్యోగం మానేసి చదవమంటే వాళ్లకు ఇల్లు గడవదు, కాబట్టి జీతంతో సెలవిచ్చి పంపాలి, తిరిగొచ్చాక జీతమూ బాధ్యతా పెంచాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రతి ఆసుపత్రీ షిఫ్టుకు ఎందరు నర్సులున్నారో, వాళ్లలో ఎవరు ఏం చదివారో వార్డు బయట బోర్డు మీద రాసి పెట్టాలి.