సాక్‌ల లెక్క గారికి బహిరంగ లేఖ

అయ్యా సాక్‌ల లెక్క గారూ,

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను ఎన్నిసార్లు పడగొట్టారో చెప్పడం మీ ఉద్యోగం. అంతవరకే. కానీ క్వార్టర్‌బ్యాక్‌కు కాపు కాసే వరుస, అంటే ఆఫెన్సివ్ లైన్, దాని కోచ్ ఎవరైనా జట్టు మారితే చాలు, తీర్పరి కుర్చీలో మీరే కూర్చుంటారు. పాత జట్టులో మీరు పెరిగితే ఆయన లేని లోటు, కొత్త జట్టులో తగ్గితే ఆయన చేతి చలవ. సాక్షుల్ని పిలిచే పనే లేదు.

2018 సంగతి గుర్తుందా? లైన్ కోచ్ టామ్ కేబుల్‌ను 2017 సీజన్ అవగానే సియాటిల్ సీహాక్స్ సాగనంపింది, ఓక్లాండ్ రైడర్స్ తీసుకుంది. సియాటిల్‌లో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ సాక్‌లు 43 నుంచి 51కి పెరిగాయి. అంటే కేబుల్ మహానుభావుడు. ఓక్లాండ్‌లో క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ సాక్‌లు 20 నుంచి 51కి ఎగబాకాయి. అంటే కేబుల్ ఎందుకూ పనికిరాడు. మనిషి ఒకడే, ఏడాది ఒకటే, రెండుచోట్లా మీరన్నది 51. ఇందులో ఏ తీర్పు కొట్టేయమంటారు?

ఓక్లాండ్‌లో వెటరన్ డోనాల్డ్ పెన్ గాయంతో తప్పుకుంటే, లైన్ రెండు చివర్లా కోల్టన్ మిల్లర్, బ్రాండన్ పార్కర్ అనే రూకీలే, అంటే తొలి ఏడాది కుర్రాళ్లే, దిక్కయ్యారని మీ పట్టికలో ఎక్కడా లేదు. మరుసటి ఏడాది లైన్‌లోకి ట్రెంట్ బ్రౌన్, రిచీ ఇంకాగ్నిటో వచ్చారు. కోచ్ మాత్రం ఆయనే. కార్ సాక్‌లు 29కి దిగాయి. ఏడాదిలో కేబుల్‌కు జ్ఞానోదయం అయిందంటారా?

సియాటిల్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఆ 51 సాక్‌ల ఏడాదే ఆ జట్టు బంతి పట్టుకుని పరుగెత్తే ఆటలో లీగ్‌కే మొదటిది, మ్యాచ్‌కు 160 గజాలు. లైన్ అదే, కొత్త కోచ్ మైక్ సొలారీ కూడా అదే మనిషి. పోనీ విల్సన్ 2022లో డెన్వర్ వెళ్తే? లైన్ వేరు, కోచ్ వేరు. 55 సార్లు పడ్డాడు, ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ. మీరు ఆయన సూట్‌కేసులోనే తిరుగుతున్నారని నా అనుమానం.

మీ అన్నగారు గెలుపోటముల పట్టిక కూడా తక్కువ తినలేదు. 2024లో లైన్ కోచ్ బిల్ క్యాలహన్ క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను వదిలి, కొడుకు హెడ్ కోచ్‌గా ఉన్న టెనెసీ టైటన్స్‌లో చేరాడు. వదిలిన జట్టు 3-14 (మూడు గెలుపులు, పద్నాలుగు ఓటములు), చేరిన జట్టూ 3-14!

కోచ్ పనితనం తెలియాలంటే మ్యాచ్ ఫిల్మ్ పెట్టుకుని కూర్చోవాలి. నిరుడు తడబడ్డ కుర్రాడి మొదటి అడుగు ఇప్పుడెక్కడ పడుతోంది? డిఫెన్స్ వాళ్లు స్టంట్ చేస్తే, అంటే దూకుతూ దారులు మార్చుకుంటే, లైన్‌లో పక్కపక్కనుండే గార్డూ టాకిలూ మనుషుల్ని మార్చుకోగలుగుతున్నారా? క్వార్టర్‌బ్యాక్ బంతిని పట్టుకుని ఎంతసేపు ఆలోచించాడు? అది ఓపికతో కూడిన పని, పాపం మీరేమో ఒక్క అంకె.

జనవరిలో మళ్లీ కోచ్‌ల మార్పిడి మొదలవుతుంది. దయచేసి, రూకీలకు రెండో సీజన్ వచ్చేదాకైనా మీరు సెలవు పెట్టండి.

ఇట్లు,
ఫిల్మ్ చూసి చూసి కళ్లు కాయలు కాచిన ఒక అభిమాని