సవరణ: చెషైర్ చీజ్ పబ్ వయసు, పుడింగ్ సంగతి

లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని 'యే ఓల్డ్ చెషైర్ చీజ్' పబ్ గురించిన పోస్టులో "1667లో పుట్టింది" అని ఉంది. ఆ చోట 1538 నాటికే పబ్ ఉండేది. 1666లో లండన్‌ను తగలబెట్టిన పెద్ద అగ్నిప్రమాదంలో కాలిపోతే, మరుసటి ఏడాది తిరిగి కట్టారు.

18వ శతాబ్దపు రచయిత, నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ ఇక్కడ భోంచేసేవాడన్న వాక్యం తీసేశాను. ఆయన ఇల్లు దగ్గర్లోని గాఫ్ స్క్వేర్‌లోనే. వచ్చే ఉంటాడనిపిస్తుంది, కానీ ఆ కాలపు రాతల్లో ఆధారం లేదు. ఇక్కడికి వచ్చేవాడని రాసిన నవలాకారుడు చార్లెస్ డికెన్స్ పేరు మాత్రం అలాగే ఉంచాను.

ఇక అదే పోస్టులోని స్టేక్ అండ్ కిడ్నీ పుడింగ్ సంగతి. ఇది స్వీటు కాదండీ! గొడ్డుమాంసం, కిడ్నీ ముక్కలు పిండిలో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. పుడింగే కదా అని శాకాహారులు ఆర్డరిస్తే కష్టం.