ప్రెయిరీ డాగ్‌లు పందికొక్కులు కావు

కొలరాడోలో ఉంటున్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. ప్రెయిరీ డాగ్‌లు (ఇక్కడి గడ్డి మైదానాల్లో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికే, ఉడుత కుటుంబపు జంతువులు) అమెరికా పందికొక్కులని, ఎలుకల్లా పిల్లల్ని పెడతాయని, ఆవుల మేతంతా తినేస్తాయని, వాటి బొరియల్లో పశువుల కాళ్లు విరుగుతాయని, ప్లేగు అంటిస్తాయని, కాబట్టి విషం పెట్టి ఏరిపారేయాలని దాని సారాంశం. మా ఇళ్ల వెనక మైదానంలో మూడేళ్లుగా వీటిని చూస్తున్నదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు సంతానం. పందికొక్కు ఏడాదిలో చాలాసార్లు ఈనుతుంది. నల్లతోక ప్రెయిరీ డాగ్‌కు ఏడాదికి ఒకటే ఈత. అదీ ఎక్కువ ఆడవాటికి రెండో ఏడు వచ్చాకే. బొరియ దాటి బయటికొచ్చే పిల్లలు సుమారు మూడు. సౌత్ డకోటాలోని విండ్ కేవ్ నేషనల్ పార్క్‌లో జాన్ హూగ్లండ్ అనే జీవశాస్త్రవేత్త ఒక్కోదానికీ గుర్తు వేసి ఏళ్ల తరబడి గమనించారు. పాలిచ్చే తల్లులే దగ్గరి బంధువుల బొరియల్లో దూరి వాటి పిల్లల్ని చంపుతాయని, పిల్లల చావుకు అదే పెద్ద కారణమని ఆయన తేల్చారు. అది చదివిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు.

ఇక మేత. "256 ప్రెయిరీ డాగ్‌లు ఒక ఆవు మేతను తింటాయి" అన్న మాట 1902లో మెరియం అనే అమెరికా జంతుశాస్త్రవేత్త రాసిన వ్యాసంలోది. అది పచ్చికలో కొలిచింది కాదు, జంతువు సైజును బట్టి ఒక సూత్రంతో కట్టిన లెక్క. నష్టం లేదని మాత్రం నేననను. కొలరాడోలోనే చేసిన ఒక అధ్యయనంలో, పచ్చిక నేలలో 20 శాతాన్ని ఇవి ఆక్రమించి ఉంటే, కోడెలు బరువు పెరగడం వల్ల వచ్చే రాబడి 5.5 శాతం తగ్గింది. 60 శాతం ఉంటే దాదాపు 14 శాతం. కరువు ఏడాదిలో రాంచ్ (పశువుల్ని మేపే పెద్ద కమతం) వాళ్ల టెన్షన్ నిజమైనదే. కానీ "మేతంతా" అన్నది అబద్ధం. పైగా ఇవి కొరికిన చోట మళ్లీ మొలిచే లేత గడ్డిలో ప్రొటీన్ ఎక్కువ. విండ్ కేవ్‌లో బైసన్‌లు (అమెరికా అడవిదున్నలు) ఏరికోరి అక్కడికే వచ్చి మేస్తాయి.

కాళ్లు విరగడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గడ్డి పొట్టిగా ఉన్న నేలలో మట్టిదిబ్బలు దూరం నుంచే కనిపిస్తాయి, ఆవులు తప్పుకుని నడుస్తాయి.

ప్లేగు మాత్రం నిజం. అయితే అది 1900లో శాన్‌ఫ్రాన్సిస్కో రేవుకు ఓడల్లో వచ్చిన జబ్బు. అది సోకితే ఒక్కో గుంపులో 90 శాతానికి పైగా చచ్చిపోతాయి. మోసుకొచ్చేవి మిన్నల్లులనే చిన్న పురుగులు. అందుకే బొరియల్లో డెల్టామెత్రిన్ అనే పురుగుమందు పొడి చల్లుతారు. చచ్చినవాటిని ముట్టుకోకండి, పెంపుడు కుక్కల్ని అటు వదలకండి.

విషం సంగతి. మన వరి పొలాల్లో ఎలుకలకు పెట్టే జింక్ ఫాస్ఫైడ్‌నే ఇక్కడ ఓట్స్‌కు పట్టించి చల్లుతారు. కొన్ని మిగిలినా కొన్నేళ్లలో మళ్లీ నిండుతాయి. వందేళ్ల విషప్రయోగం, దున్నకం, ప్లేగు కలిసి నల్లతోకవి ఒకప్పుడున్న నేలలో సుమారు 2 శాతమే మిగిల్చాయి. వీటినే తిని బతికే నల్లకాళ్ల ఫెరెట్ (ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే వేటజంతువు) అంతరించిందనుకున్నారు. 1981లో వయోమింగ్‌లో ఒక రాంచ్ కుక్క ఒకదాన్ని నోట కరుచుకొచ్చింది. 1987కి మిగిలినవి 18, అన్నీ బోనుల్లోనే.

ఇవి మీ నేలలోకి రాకుండా ఆపాలనుకుంటే సరిహద్దు వెంట ఒక పట్టీలో పశువుల్ని మేపకుండా గడ్డి ఎత్తుగా ఎదగనివ్వండి. చుట్టూ కనిపించని చోట ఇవి కాపురం పెట్టడానికి జంకుతాయి.