కర్నూలుకు ఒక అక్షరం ఇప్పించండి

మా కర్నూలుకు ప్రభుత్వాలు అన్యాయం చేశాయని ఇన్నేళ్లుగా ఊరికే ఆడిపోసుకుంటున్నాం. తప్పు ఎవరిదీ కాదు, సెర్చ్ ఆర్డర్‌ది, అంటే కంప్యూటరు ఫైళ్లు వెతికే వరసది. పాతికేళ్లు మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుని రిటైరయిన అధికారంతో ఈ మాట ప్రకటిస్తున్నాను.

ఐబీఎం వాళ్ల వీఎం/370 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, అంటే 1972 నాటి సరుకులో, మనం కమాండ్లు కొట్టి ఫైళ్లతో పనిచేసే సీఎంఎస్ అని ఒకటుంది. అందులో మనం వాడే ప్రతి డిస్కుకూ ‘ఏ’తో మొదలై ‘జెడ్’తో ముగిసే ఇంగ్లీషు అక్షరాల వరసలోంచి ఒకటి తగిలించాలి. అక్షరం చెప్పకుండా ఫైలు పేరొక్కటే చెబితే, ఏ నుంచి వరసగా వెతుక్కుంటూ పోయి, మొదట దొరికిన చోటే ఆగిపోతుంది. అదే పేరుతో సీలో ఇంకా మంచిది ఉన్నా దానికి పట్టదు. ‘ఇంకోటి కూడా ఉంది సార్’ అని మర్యాదకైనా అనదు.

మామూలుగా ‘ఏ’ మన సొంత డిస్కు, ‘ఎస్’ సిస్టమ్‌ది. సిస్టమ్ కమాండు పేరుతోనే మన ‘ఏ’లో ఒక ఎగ్జెక్, అంటే కమాండ్లు వరసగా రాసిన ఫైలు, పెట్టుకుంటే, ముందు మనదే నడుస్తుంది. జీవో కన్నా ఊరి పెద్దమనిషి మాట ముందు చెల్లే మా సీమలో పుట్టాల్సిన మిషను, పొరపాటున అమెరికాలో పుట్టింది.

దీని దెబ్బ నేనూ తిన్నాను. జీతాల లెక్క తప్పు వస్తోందని బీ డిస్కులో ఫైలు దిద్దుతూ రెండు రాత్రులు కూర్చున్నా. ఎన్ని దిద్దినా అదే తప్పు. మూడో పొద్దున పక్క సీటు కుర్రాడు ఫైళ్ల జాబితా చూపే లిస్ట్‌ఫైల్ కమాండు కొట్టి, చివర డిస్కు అక్షరం బదులు నక్షత్రం పెట్టాడు, అంటే అన్ని డిస్కులూ చూడమని. రెండు లైన్లొచ్చాయి. ఏలో, ఆరు నెలల కిందట నేనే పెట్టి మరిచిన పాత కాపీ!

ఇక ‘రాజధాని’ అనే ఫైలు సంగతి. 1953 అక్టోబరు 1న కర్నూలే ‘ఏ’ డిస్కు. గుడారాలేసి మరీ ఆఫీసులు నడిపాం. 1956 నవంబరు 1న అదే అక్షరానికి హైదరాబాదును తగిలించారు. సీఎంఎస్ అయితే ఫలానా డిస్కు చోట్లోకి ఫలానాది వచ్చిందని ఒక లైనైనా వేస్తుంది. పాత డిస్కు చెడిపోదు, లోపలి ఫైళ్లూ ఎక్కడికీ పోవు. అక్షరం లేదు కాబట్టి వెతుకులాటలో తగలదు, అంతే. 2020లో న్యాయ రాజధాని పేరుతో ఒక అక్షరం ఇస్తామన్నారు. 2021 నవంబరులో ఆ చట్టాన్నే రద్దు చేసి, సీఎంఎస్‌లో డిస్కు అక్షరం ఊడబీకే రిలీజ్ కమాండు కొట్టారు.

ఇదంతా పొద్దున ఉగ్గాని తింటూ టిఫిన్ బండి తమ్ముడికి వివరించాను.

“పోనీ జెడ్ అయినా ఇస్తారేమో అడుగుదామా అన్నా?”

“అంతదాకా రాదు కదప్పా, ముందే దొరికిపోతుంది.”

వాడు మిరపకాయ బజ్జీ నూనెలో తిప్పుతూ కాసేపు ఆలోచించాడు. “అయితే ఇంకెక్కడా లేని పేరుతో ఫైలు పెట్టుకుంటే సరి. జెడ్ దాకా రాక చస్తుందా?”

పాతికేళ్ల సర్వీసులో నాకు తట్టని పాయింటు. ఆ పేరు కోసమే ఇద్దరం ఆలోచిస్తున్నాం. ఉగ్గాని అని పెడదామంటే, అది అనంతపురం డిస్కులోనూ ఉంది.