షింగిల్స్ మీరే వేసుకోండి, ఆ మెసేజీని నమ్మి మాత్రం వద్దు

"మేస్త్రి అక్కర్లేదు, ఒక్క ఆదివారంలో టెర్రస్ గదికి మీరే షింగిల్స్ కప్పు" అనే ఏడు పాయింట్ల మెసేజీ బెంగళూరు తెలుగు గ్రూపుల్లో మళ్లీ తిరుగుతోంది. షింగిల్స్ అంటే వాలు కప్పు మీద ఒకదాని మీదకి ఒకటి ఎక్కేలా వరుసలుగా మేకులతో కొట్టే తారు పలకలు. మారతహళ్లి నుంచి కేఆర్ పురం దాకా టెర్రస్ మీద గది ఉన్నవాళ్లందరికీ నలుగురైదుగురు చొప్పున పంపుతున్నారు. పంపేముందు ఒక్కరైనా చదివారా?

"నల్ల షింగిల్స్ ఇంటిని చల్లగా ఉంచుతాయి." ఉంచవు.

"వాలు ఎంతున్నా పర్లేదు." మామూలుగా అడుగుకి కనీసం 4 అంగుళాల వాలు ఉండాలి. 2 నుంచి 4 మధ్య ఉంటే షింగిల్స్ కింద ఫెల్ట్ (తారు పట్టించిన పరుపు) రెండు పొరలు పడాలి, అంటే 3 అడుగుల రోలు ఒకదాని మీదకి ఇంకోటి 19 అంగుళాలు ఎక్కాలి. 2 కన్నా తక్కువైతే షింగిల్స్ మాటే ఎత్తొద్దు. షింగిల్ నీటిని జార్చేస్తుందే గానీ ఆపలేదు. వాలు తగ్గితే ఎదురుగాలికి నీళ్లు షింగిల్ కిందకి ఎగబాకుతాయి. "ఫెల్ట్ దండగ" అన్న మూడో పాయింటుకీ ఇదే జవాబు.

"జిగురు ఉంది కదా, రెండు మేకులు చాలు." షింగిల్‌కి నాలుగు. గాలి ఎక్కువ తగిలే చోట ఆరు. షింగిల్‌కి ముందే ఉండే జిగురు పట్టీ ఎండకి కరిగి అతుక్కునేదాకా కప్పుని పట్టి ఉంచేవి మేకులే. తల వెడల్పు 10 మిల్లీమీటర్లున్న గాల్వనైజ్డ్ మేకులు వాడాలి, సన్న తలవైతే షింగిల్ చిరిగి ఊడొస్తుంది. మేకు షింగిల్ మీద గీసిన గీత మీదే పడాలి. గీతకి పైన కొడితే కింది వరుస పైఅంచు దొరకదు, షింగిల్ మెల్లగా జారుతుంది. షింగిల్స్ కింద పరిచే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో కొడుతుంటే మేకు మొన అడుగున బయటికి రావాల్సిందే.

ఇక అసలు ప్రమాదం ఐదో పాయింటు: "పాత సిమెంటు రేకులు తీయొద్దు, వాటి మీదే మేకులు కొట్టేయండి. పగిలితే ఆ ముక్క మార్చండి."

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటికి డ్రిల్ పెట్టినా, సుత్తితో కొట్టినా, విరిచినా కంటికి కనపడని నార గాల్లోకి లేస్తుంది. దాంతో వచ్చే ఊపిరితిత్తుల పొర క్యాన్సర్ ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకి బయటపడుతుంది. ఆదివారం నాడు నిచ్చెన పట్టుకోమని పిల్లల్ని పిలిచే తండ్రులకి ఈ లెక్క మెసేజీలో కనపడదు. పైగా "మాస్కు పెట్టుకోండి చాలు" అట! కోవిడ్ నాటి గుడ్డమాస్కా?

ఆరోగ్యం సంగతి పక్కన పెట్టినా పని నిలవదు. మేకు పట్టుకోవడానికి ఆ పల్చటి రేకులో ఏముంది? రేకు వంపుల మీద పరిచిన షింగిల్ ఎండకి మెత్తబడి గుంటల్లోకి దిగిపోతుంది. ఎండకీ వానకీ నానిన రేకు మీద కాలు పెడితే చప్పుడు కూడా చేయకుండా విరుగుతుంది, మనిషి నేరుగా గదిలోకి పడతాడు. రేకుని తడిపి, హుక్కులు విప్పి, పగలకుండా ముక్కలు చేయకుండా దించి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టాలి. అది ఈ పని తెలిసినవాళ్లు చేయాల్సింది. పొడిచెత్త బండిలో వేసేది అసలే కాదు. ఆ తర్వాత ఫ్రేము బరువు మోస్తుందో లేదో చూసుకుని, నీటికి తట్టుకునే ప్లై షీట్ల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి బిగించాలి.

"గోడ దగ్గర సిలికాన్ పూస్తే సరి." రెండు వానాకాలాలు గడిస్తే తెలుస్తుంది. కప్పు గోడకి ఆనే చోట ప్రతి షింగిల్ వరుసకీ ఒక ఎల్ ఆకారపు లోహపు రేకు ముక్క పెట్టాలి: గోడ మీదకి 4 అంగుళాలు, షింగిల్ కిందకి 4 అంగుళాలు. పై ముక్క కింది ముక్క మీదకి 2 అంగుళాలు ఎక్కాలి. గోడకి గాడి తీసి ఇంకో రేకు పట్టీని అందులో దూర్చి, ఈ ముక్కల పైఅంచుల మీదకి వంచాలి.

చివరిది, "ఒక్క ఆదివారం". ఇది నిజమే, ఒప్పుకోవాలి. ప్లై, ఫెల్ట్, చూరు అంచుకి కొట్టే లోహపు రేకులు ముందే బిగించి ఉంటే 200 చదరపు అడుగుల కప్పు ఇద్దరికి ఒక రోజు పనే. ఆరు కట్టలు, తరుగుకీ చూరు వరుసకీ నడికొప్పుకీ ఇంకోటి కొనండి. కోయడానికి కొక్కెం బ్లేడు కత్తి చాలు. ఇంకా చెప్పాలంటే, మేకులు ఆదా చేసి చూరు దగ్గర మొదటి పట్టీ ఎగ్గొట్టే కాంట్రాక్టరు కన్నా గీత చూసి కొట్టే ఇంటి యజమానే మేలు. ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకుంటే జిగురు కరగడానికి ఎండ ఉంటుంది. డిసెంబరు మబ్బుల్లో వేస్తే మాత్రం ప్రతి షింగిల్ కిందా చేత్తో తారు జిగురు చుక్కలు పెట్టుకోవాలి.