‘బిళ్ళ వేసుకున్నావా?’ అనే ప్రశ్నకు బహిరంగ లేఖ

ప్రియమైన ‘బిళ్ళ వేసుకున్నావా?’కి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నా కుశలం అడిగే అలవాటు నీకు లేదు కదా, అందుకని నేరుగా విషయంలోకి వచ్చేస్తున్నా.

డాక్టరు నాకు డిప్రెషన్ అని చెప్పి చీటీ రాసిన రోజే, మందుల షాపు కవర్‌తో పాటు నువ్వూ మా ఇంట్లోకి దిగావు. అప్పటిదాకా మా అమ్మ దగ్గర బోలెడు ప్రశ్నలుండేవి. ఆఫీసులో ఏటయింది, ముఖం అలా పెట్టావేటి, చేపల పులుసు చేస్తే తింటావా. నువ్వొచ్చాక అవన్నీ రిటైరయిపోయాయి. ఇప్పుడు రాత్రి తొమ్మిదికి సీరియల్ మధ్యలో యాడ్స్ పడగానే నువ్వొస్తావు, నేను ‘ఆఁ’ అంటాను, యాడ్స్ అయిపోతాయి. నా మాట మీద నమ్మకం కుదరని రోజు అమ్మ వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ వెనక దోపిన షీటు తీసి, ట్యూబ్‌లైటు కిందకి పట్టుకెళ్ళి, చిరిగిన రేకు గుంటల్ని ఒక్కోటీ వేలితో తడుముతూ లెక్కపెడుతుంది. లెక్క సరిపోతే నేను బాగున్నట్టే.

పైగా నీకు పగటి డ్యూటీ కూడా ఉంది. మోటారు కట్టెయ్యకుండా ట్యాంకు పొంగించింది ఎవరని నేను కాస్త గట్టిగా అడిగానా, ‘ఏట్రా, ఈరోజు బిళ్ళ వేసుకోలేదా?’ అని నువ్వు రెడీ. ఈ ఇంట్లో మిగతా అందరికీ కోపం వస్తుంది, నాకు మాత్రం డోసు తప్పుతుంది.

బిళ్ళ మీద నాకేం కోపం లేదు. ఇది ఇప్పుడే చెప్పేయాలి, లేకపోతే పెళ్ళిళ్ళలో తగిలే నీ తమ్ముడు ‘అవి అలవాటైపోతాయి, ఆపెయ్యరా’ గాడు సంబరపడిపోతాడు. వాడు నీకంటే ప్రమాదం. ఈ మందులు పనిచెయ్యడానికే కొన్ని వారాలు పడుతుంది, డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా మానేస్తే కళ్ళు తిరగడం, నిద్ర చెడడం, జబ్బు తిరగబెట్టడం, అన్నీ ఉంటాయి. బైపోలార్, స్కిజోఫ్రెనియా లాంటి మానసిక జబ్బులకైతే మందు లేకుండా చాలామందికి కుదరనే కుదరదు. నా గొడవల్లా, ఆ పది మిల్లీగ్రాముల ప్రాణి నెత్తిన మీరంతా కలిసి పెట్టిన బరువు గురించి. రాత్రి ఒంటిగంట దాకా నేను ఫోన్ చూస్తుంటే అది వచ్చి లాక్కోదు. జీతం లేటు చేసే సూపర్‌వైజర్‌తో మాట్లాడదు. పెళ్ళెప్పుడని అడిగే పిన్ని నోరు మూయించదు.

కౌన్సెలింగ్‌కి వెళ్తానంటే మా బాబాయి, ‘మాట్లాడ్డానికి వెయ్యి రూపాయలా? మేం మాట్లాడమా?’ అన్నాడు. నిజమే, భీమిలి వైపు ప్లాట్ల గురించి ఆయన రెండు గంటలు ఫ్రీగా మాట్లాడగలడు. కౌన్సెలింగ్ అంటే ధైర్యం చెప్పి పంపడం అనుకుంటారు. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అని ఒక పద్ధతి ఉంది, ‘నా వల్ల ఏదీ కాదు’ అని మనసు అన్నప్పుడల్లా దాన్ని నోటుబుక్కులో రాయించి, అది నిజమనడానికి ఆధారం ఏటి, కాదనడానికి ఏటి అని మన చేతే తేల్పిస్తారు, హోంవర్కు ఇస్తారు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, డిప్రెషన్ అంత తీవ్రంగా లేనప్పుడు, రోగి కోరుకుంటే తప్ప మామూలుగా మందులతో మొదలుపెట్టొద్దనే ఉంది. ఇక్కడ డాక్టర్లనీ ఏమనలేం. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా సరిగ్గా రాని దేశంలో, బయట బెంచీల నిండా టోకెన్లు పట్టుకున్న జనం ఉంటే, డాక్టరు కూడా చివరికి నిన్నే వాడుకుంటాడు.

అన్నట్టు, ‘పక్కనే బీచ్ పెట్టుకుని నీకు డిప్రెషన్ ఏట్రా’ అనేది కూడా నీ చుట్టమేనా? సముద్రం చూస్తే తగ్గిపోయేదైతే, మా విశాఖ వాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి సముద్రానికి అంత దగ్గరలో ఉండి ఎప్పుడో మూతపడాల్సింది. నడక మంచిదే, పొద్దున్నే బండ్లు ఆపేసిన బీచ్ రోడ్డు మీద వెలుతురులో నడిస్తే నిద్ర కూడా దారిలో పడుతుంది, కాదనను. కాకపోతే ఈ జబ్బులో మంచం దిగడమే పెద్ద పని. ‘వాకింగ్‌కి వెళ్ళొచ్చు కదా’ అని సోఫాలోంచి అనేవాళ్ళు కాదు, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ‘పద’ అనేవాళ్ళు కావాలి.

నిన్ను ఇల్లు వదిలి పొమ్మనను. రాత్రి తొమ్మిది నీదే. ఆ చేపల పులుసు ప్రశ్నని మాత్రం మళ్ళీ పనిలోకి తీసుకో. ఏం అడగాలో, ఎలా అడగాలో మీకు తెలియకపోతే 2022 నుంచి టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఏ టైములోనైనా ఫ్రీగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఇంట్లోవాళ్ళు కూడా.

ఇంకో విషయం. మా బాబాయికి బీపీ. మొన్న మెట్ల కింద బండి ఎవడు పెట్టాడని వీధి వీధంతా వినపడేలా అరుస్తుంటే, ‘బాబాయ్, బిళ్ళ వేసుకున్నావా?’ అని నేనే నిన్ను వాడేశాను. ‘అంటే నాకు బిళ్ళ లేక కోపం వచ్చిందంటావా!’ అని ఇంకో పది నిమిషాలు అరిచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. భీమిలి ప్లాట్ల పీడ వదిలింది. ఆ ఒక్క సాయానికి థాంక్స్.

ఇట్లు,
వేసుకున్నవాడు