మ్యాచ్ లేని అవే మ్యాచ్: ఒక ముసాయిదా

ఇంగ్లండులో ఏ ఫుట్‌బాల్ అభిమానినైనా కదిలించి, తన జట్టు వెంట మొట్టమొదట పరాయి ఊరికి వెళ్ళి చూసిన అవే మ్యాచ్ గురించి అడగదలచినవారు ఆ సాయంత్రానికి వేరే పని పెట్టుకోకపోవడం మంచిది. చీకటితోనే లేచిన వైనం నుంచి కథ మొదలవుతుంది. బస్సు ఎక్కడెక్కడ ఆగిందో, కిటికీ పక్క సీటు కోసం ఎవరితో తగవు పడవలసి వచ్చిందో, వాన ఏ దిక్కు నుంచి కొట్టిందో, తిరుగు ప్రయాణంలో ఎవరు ఎవరి భుజం మీద నిద్రపోయారో అతడు పూసగుచ్చినట్టు చెబుతాడు. ఇంత విస్తారమైన కథనంలో ఆట వంతు వచ్చేసరికి మాత్రం ఒకే ఒక్క వాక్యం మిగులుతుంది. ఒకటి-సున్నాతో ఓడిపోయి ఉంటామని, కాకపోతే రెండు-సున్నా అయినా కావచ్చునని ఆ వాక్యం సారాంశం.

ఈ సాక్ష్యాన్ని ఫుట్‌బాల్ పాలకమండళ్ళు ఇంతకాలం తేలికగా తీసుకోవడం విచారకరం. నడివయసు దాటిన, ఉద్యోగమూ సంసారమూ ఉన్న, మిగతా విషయాలన్నిటిలోనూ నమ్మదగిన మనుషులు ముక్తకంఠంతో ఒక సంగతి వెల్లడిస్తున్నారు. అవే మ్యాచ్‌లో వారికి గుర్తుండనిది మ్యాచ్ ఒక్కటే. ఎవరికీ గుర్తుండని ఆ తొంభై నిమిషాల కోసం పచ్చిక పెంచి, గీతలు గీసి, ఇరవై ఇద్దరిని పరిగెత్తించి, రెఫరీని తిట్లు తినడానికి నియమించడం ఎంతవరకు సబబో పరిశీలించి, చివరికి ఒక పరిష్కారం సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా జ్ఞాపకాల స్వరూపం చూద్దాం. మొదటి అవే మ్యాచ్‌కు ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. నాన్నో, మామయ్యో, పొరుగింటి పెద్దమనిషో చెయ్యి పట్టుకుని తీసుకువెళతారు. రైలు స్టేషను నుంచి మైదానం దాకా జట్టు రంగుల మఫ్లరును కోటు లోపల దాచుకుని, యాస బయటపడకుండా నోరు కట్టుకుని నడవాలని ఆ పెద్దమనిషి ఉపదేశిస్తాడు. లోపలికి చేరిన మరుక్షణం అదే మఫ్లరును తల మీదికెత్తి ఊపుతూ, అదే యాసలో గొంతు పగిలేలా అరుస్తాడు. ఇంట్లో ఎన్నడూ గొంతు పెంచని తన తండ్రికి ఇన్ని బూతులు తెలుసునన్న సంగతి పిల్లవాడు గ్రహించేది అక్కడే. అమ్మతో చెప్పకూడదన్న ఒప్పందం కుదిరేదీ, దానికి ప్రతిఫలంగా ఒక చాక్లెట్టు చేతులు మారేదీ అక్కడే. తండ్రీకొడుకుల మధ్య ఆ తరువాత కుదిరిన ఏ ఒప్పందమూ ఇంత కాలం చెల్లుబాటు కాలేదని చాలామంది అంగీకరిస్తారు.

ఇక ఆట సంగతి. పిల్లవాడి ముందు ఎప్పుడూ ఒక పొడుగాటి మనిషే నిలబడతాడు. కాబట్టి చిన్నప్పుడు వెళ్ళినవారిని మిడ్‌ఫీల్డు గురించి అడగడం వృథా. ఆ మనిషి కోటు గురించి అడిగితే దాని వెనుక కుట్టు ఎక్కడ ఊడిందో సహా చెప్పగలరు. గోల్ పడే సమయానికి కథకుడు తప్పకుండా మరుగుదొడ్డి వరుసలోనో, ‘పై’ అనే వేడి మాంసపు పిండివంట అమ్మే కౌంటరు ముందో ఉంటాడు. గోల్‌ను చెవులతో చూశానని చెప్పుకునే సాక్షులు న్యాయస్థానాలలో అరుదు కానీ, ఈ సమాజంలో వారిదే మెజారిటీ.

మైదానాలు కూడా ఈ సంప్రదాయానికి తమ వంతు సాయం చేస్తూనే వచ్చాయి. న్యూకాసిల్‌లోని సెయింట్ జేమ్స్ పార్కులో అతిథి అభిమానులకు కేటాయించిన చోటు ఏడో అంతస్తులో, పద్నాలుగు వరుసల మెట్లకు పైన ఉంటుంది. అక్కడికి ఎక్కినవారికి ముందు తమ గుండె గురించి, తరువాత నగరం గురించి పూర్తి అవగాహన కలుగుతుంది. బంతి ఉందా లేదా అన్నది మాత్రం అక్కడ విశ్వాసానికి సంబంధించిన విషయం. లూటన్‌లోని కెనిల్‌వర్త్ రోడ్డు మైదానంలో అతిథుల దారి ఇళ్ళ వరుస కింది నుంచే వెళుతుంది. పైన ఎవరో కాపురం ఉంటున్న గది కింది గేటు గుండా దూరి, మెట్లెక్కి, జనం పెరటి తోటలను పై నుంచి చూసుకుంటూ స్టాండులోకి చేరాలి. అక్కడికి మొదటిసారి వెళ్ళిన పిల్లలు, తీగ మీద ఆరేసిన బట్టలను వర్ణించినంత శ్రద్ధగా తమ సెంటర్ ఫార్వర్డును వర్ణించరు. అందులో వారి తప్పేమీ లేదు. ఆ బట్టలే ఎక్కువ కదిలి ఉంటాయి.

చట్టం కూడా ఊరుకోలేదు. 1985 నాటి చట్టం ప్రకారం మైదానం కనబడే చోట కూర్చుని మద్యం తాగరాదు. అభిమానులను తీసుకువెళ్ళే బస్సులలో తాగడం, మద్యం వెంట ఉంచుకోవడం కూడా నేరమే. అంటే బీరు కావాలనుకున్నవాడు ఆటకు వీపు తిప్పి వెనుక నడవాలోకి పోవాలి, ఆట కావాలనుకున్నవాడు ఆ ఆటను మత్తు లేకుండా భరించాలి. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నారో జ్ఞాపకాల నాణ్యతను బట్టే తెలిసిపోతుంది.

1970లు, 80లలో మొదటి అవే మ్యాచ్ చూసినవారి తీరు కొంచెం వేరు. వారిని తీసుకువెళ్ళిన ప్రత్యేక రైళ్ళకు మామూలు ప్రయాణికులకు పనికిరాని పాత పెట్టెలను తగిలించేవారు. స్టేషను బయట గుర్రాల మీద పోలీసులు ఎదురుచూసేవారు, మైదానంలో ఇనుప కంచెల వెనుక నిలబెట్టేవారు. ఆ కంచెల గురించి మాత్రం ఈ వ్యాసం హాస్యమాడదు. 1989లో షెఫీల్డులోని హిల్స్‌బరో మైదానంలో ఆ కంచెల వెనుక జరిగిన తొక్కిసలాట 97 మందిని బలితీసుకున్న తరువాతే, అభిమానులు కూడా మనుషులేనన్న సంగతి అధికార పత్రాలలోకి ఎక్కింది. ఆ దుర్ఘటన మీద విచారణ జరిపిన న్యాయమూర్తి లార్డ్ టేలర్ నివేదిక దరిమిలా పెద్ద మైదానాలన్నీ కుర్చీలతో నిండిపోయాయి. అప్పటి నుంచి అతిథి అభిమానులు కుర్చీకి టికెట్ కొని, ఆ కుర్చీ ముందు తొంభై నిమిషాలూ నిలబడే ఉంటున్నారు.

జ్ఞాపకాల ప్రామాణికతను దెబ్బతీసే లెక్క ఒకటి ఉన్నదని కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఇంగ్లండు అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ నిబంధనల ప్రకారం అతిథి క్లబ్బుకు 3,000 టికెట్లు, మైదానం చిన్నదైతే దాని సామర్థ్యంలో పదో వంతు దక్కుతాయి. గతంలో గెలిచిన ప్రతి చారిత్రక అవే మ్యాచ్‌కూ తాను స్వయంగా హాజరయ్యానని చెప్పుకునేవారినందరినీ ఒకచోట కూర్చోబెడితే, ఆ స్టాండుతో పాటు ఆతిథ్య జట్టు స్టాండులూ, కార్లు నిలిపే చోటూ, పక్క వీధులూ కూడా చాలవు. ఓడిన మ్యాచ్‌కు వెళ్ళానని ఎవరూ అబద్ధమాడరు కాబట్టి, చరిత్రకారులు ఓటమి కథలనే ఆధారంగా తీసుకోవడం క్షేమం. ఈ విషయంలో ఆధారాలకు కొరత లేదు.

ఇప్పటివరకు చెప్పినది అభిమానులకు ఆట అవసరం లేదని నిరూపించింది. ఆటకు అభిమానుల అవసరం ఉందా అన్న రెండో ప్రశ్నకు చరిత్రే జవాబు ఇచ్చింది. కోవిడ్ కాలంలో, 2020-21 ప్రీమియర్ లీగ్ సీజను దాదాపు మొత్తం ఖాళీ మైదానాలలో నడిచింది. ఆ సీజనులో అతిథి జట్లు 153 మ్యాచ్‌లు గెలవగా, ఆతిథ్య జట్లు 144 మాత్రమే గెలిచాయి. ఇంగ్లండు అగ్రశ్రేణి లీగ్ చరిత్రలో అతిథుల విజయాలు ఆతిథ్యుల విజయాలను మించడం అదే మొదటిసారి. దశాబ్దాల తరబడి తెల్లవారుజామున లేచి, వానలో తడిసి, గొంతు పోగొట్టుకుని జట్టుకు బలం చేకూర్చిన అభిమానులు, తాము ఇంట్లో ఉండిపోయిన ఏడాదే జట్లు పరాయి గడ్డ మీద ఇలా చెలరేగడాన్ని సోఫాలో కూర్చుని చూశారు. నిజానికి ఆతిథ్య ప్రేక్షకుల అరుపులు లేకపోవడమే దీనికి కారణమని పండితులు అంటారు. పండితుల మాటకు విలువ ఇస్తూనే, ఆ వాదన మన ముసాయిదాకు అడ్డురాదని మనవి.

లూటన్ టౌన్ క్లబ్బు ఈ సత్యాన్ని ఇంకా ముందే కనుగొన్నది. 1985లో మిల్‌వాల్‌తో జరిగిన కప్ మ్యాచ్ అల్లర్లతో ముగిశాక, 1986-87 నుంచి ఆ క్లబ్బు అతిథి అభిమానులను రానివ్వడమే మానేసింది. ఆ నిర్ణయానికి శిక్షగా ఆ ఏడాది లీగ్ కప్ నుంచి వెలివేశారు కానీ, అదే సీజనులో లూటన్ అగ్రశ్రేణిలో ఏడో స్థానంలో నిలిచింది. అంతకంటే పైకి ఆ క్లబ్బు అంతకు ముందూ ఎక్కలేదు, ఆ తరువాతా ఎక్కలేదు. అర్జెంటీనాలో 2013 నుంచి అతిథి అభిమానుల మీద నిషేధం ఏదో ఒక రూపంలో కొనసాగుతూ వచ్చింది. అక్కడ ఫుట్‌బాల్ ఆగిపోయిన దాఖలాలు లేవు.

అందుచేత ఆట, అభిమాని పరస్పరం భారమేనని, ఇద్దరినీ గౌరవప్రదంగా విడదీయడమే ధర్మమని తేలుతున్నది. ముసాయిదా ప్రకారం ఇక నుంచి మ్యాచ్ ఒక చోట, ప్రేక్షకులు లేకుండా, ఎవరికీ ఇబ్బంది కలగని వేళలో జరుగుతుంది. అవే ప్రయాణం మాత్రం యథాతథంగా ఉంటుంది. బస్సు తెల్లవారకముందే బయలుదేరి, ముందుగా ఎంపిక చేసిన మోటార్‌వే మీద ముందుగా ఏర్పాటు చేసిన ట్రాఫిక్‌లో చిక్కుకుంటుంది. దింపిన చోటి నుంచి అభిమానులు మఫ్లర్లు దాచుకుని నడుస్తారు. చివరకు వారిని గాలి నాలుగు వైపుల నుంచీ కొట్టే ఒక స్టాండులో, ఎత్తయిన గోడకు ఎదురుగా నిలబెడతారు. అనుభవం కలవారి కోసం గోడకు ముందు ఒక స్తంభం కూడా ఉంటుంది.

లౌడ్‌స్పీకర్ల నుంచి ఆతిథ్య జట్టు అభిమానుల ఎగతాళి తగిన విరామాలతో వినబడుతుంది. ఒకసారి గోల్ పడిందని ప్రకటిస్తారు. జనం ఎగిరి, ఒకరినొకరు కౌగిలించుకుని, రెండు వరుసలు కిందికి దొర్లాక, వీఏఆర్ (వీడియో రెఫరీ) పరిశీలన జరుగుతున్నదని చెప్పి కొద్దిసేపు ఆగి దాన్ని రద్దు చేస్తారు. ప్రీమియర్ లీగ్‌లో 2019-20 నుంచి ఈ ఏర్పాటు సమర్థంగా నడుస్తున్నందున ప్రత్యేక శిక్షణ అవసరం ఉండదు. తొంభై నిమిషాలు పూర్తయ్యాక, ఎక్కడో జరిగిన మ్యాచ్ ఫలితాన్ని ఒక గుమాస్తా చదువుతాడు. ఊళ్ళో జనం ఇళ్ళకు చేరేదాకా గేట్లు మూసి ఉంచుతారు. టికెట్ ధర ఎప్పటిలాగే 30 పౌండ్లు. అభిమానులు ఏళ్ళ తరబడి పోరాడి 2016-17 నుంచి ప్రీమియర్ లీగ్‌లో సాధించుకున్న గరిష్ఠ పరిమితి అది. ఆట తీసేశాం కదా అని దాన్ని తగ్గించడం వారి పోరాటాన్ని అవమానించడమే అవుతుంది.

దూరం విషయంలో మాత్రం రాజీ పడరాదు. 1888లో పన్నెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు రైలూ, శనివారం మధ్యాహ్నం నుంచి కార్మికులకు దొరికిన తీరికా ఈ ప్రయాణాలకు దారి వేశాయి. అప్పటి నుంచి ప్రయాణం ఎంత దండగ అయితే అంత గౌరవం. కార్లైల్, ప్లిమత్ క్లబ్బులు ఒకే డివిజనులో ఉన్న సీజన్లలో ఒక వైపుకే దాదాపు 390 మైళ్ళు వెళ్ళి, ఓటమి చూసి, తెల్లవారేసరికి తిరిగివచ్చినవారు ఉన్నారు. వారిని పక్క ఊరి గోడ ముందు నిలబెడితే చిన్నబుచ్చినట్టే.

ఒక వర్గం పట్ల ప్రత్యేక జాగ్రత్త అవసరం. మొదటి అవే మ్యాచ్‌లోనే తమ జట్టు నాలుగు గోల్స్‌తో గెలవడం చూసిన దురదృష్టవంతులు కొందరుంటారు. వారికి గోల్స్ అన్నీ వరుసగా గుర్తుంటాయి, ప్రయాణం గుర్తుండదు. జీవితమంతా మరో అలాంటి రోజు వస్తుందని ఎదురుచూస్తూ, బస్సులో పక్కవారికి మనశ్శాంతి లేకుండా చేస్తారు. కొత్త పద్ధతిలో పిల్లలకు మొదటి మూడు ప్రయాణాలలో గెలుపు ఫలితం చదవరాదని నియమం పెట్టడం మేలు. చాలా క్లబ్బులు ఈ నియమాన్ని ఇప్పటికే స్వచ్ఛందంగా పాటిస్తున్నాయి.

ముసాయిదాను ఖరారు చేసే ముందు అనుభవజ్ఞులైన అవే అభిమానులకు చదివి వినిపించడం జరిగింది. గోడకు వారు అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడు కనబడేదానికీ దానికీ పెద్ద తేడా లేదన్నారు. స్తంభాన్ని స్వాగతించారు. గుమాస్తా చదివే ఫలితం మీద రెఫరీని తిట్టుకునే హక్కు తమకే ఉండాలని కోరగా, వెంటనే చేర్చడమైనది. పట్టుబట్టిన కోరిక ఒక్కటే. గోడ ముందు నిలబడే కార్యక్రమం శనివారం మధ్యాహ్నం మూడు గంటలకే జరగాలని వారన్నారు. చిక్కు అక్కడే వచ్చింది. శనివారం 2:45 నుంచి 5:15 దాకా మ్యాచ్‌ల ప్రత్యక్ష ప్రసారం ఉండరాదన్న నియమం బ్రిటన్‌లో అమలులో ఉన్నందువల్ల, గోడను ప్రసారం చేయడానికి టీవీ సంస్థలు దాన్ని సోమవారం రాత్రి ఎనిమిది గంటలకు మార్చమని అడుగుతున్నాయి. ఆ వేళకు తిరుగు రైలు లేదు. చర్చలు కొనసాగుతున్నాయి.